వలయనృత్యములు, సముద్రాంతరవలసలు: యారాడ తీరము నుండి ఒక పరిశీలనము

1. విషయనిర్దేశము

నడుమ నొక వస్తువు నుంచుకొని, దాని చుట్టును పదిమంది చేరి, పాటకు లయబద్ధముగ అడుగులు వేయుచు తిరుగు ఆటను ఈ వ్యాసమున వలయనృత్యమని వ్యవహరించుచున్నాము. ఇది మిక్కిలి ప్రాచీనమైన రూపము. సంస్కృతవాఙ్మయమున దీనికి హల్లీసకము, రాసకము అను పేర్లు కలవు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయపుడు 13వ శతాబ్ది నడుమ రచించిన నృత్తరత్నావళిలో దేశినృత్తములను వివరించుచు, రాసకమునకును, కోలలతో ఆడు దండరాసకమునకును లక్షణములు చెప్పినాడు. 1213లో వెలసిన పాలంపేట రామప్పగుడి శిల్పములలో కోలాటపు బొమ్మలను నేటికిని చూడవచ్చును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైలయాత్రికుల ఆటపాటలను వర్ణించినాడు. కావున వలయనృత్యము మనకు క్రొత్త కాదు. దానిని గూర్చిన శాస్త్రచర్చయు క్రొత్త కాదు.

అయినను ఈ నృత్యముల చరిత్రలో ఒక భాగము మన పరిశోధకుల దృష్టికి అంతగా రాలేదు. అది వలసల చరిత్ర. 19, 20వ శతాబ్దులలో మన తీరమునుండి జనులు గుంపులు గుంపులుగా సముద్రము దాటి పోయిరి. పోవునపుడు వారు తమ వెంట ఏయే ఆటలను కొనిపోయిరి? వానిలో ఏవి నిలిచినవి? ఏవి నశించినవి? నిలిచినవి ఏల నిలిచినవి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకునపుడు మన యనుభవము నొక్కదానినే చూచిన చాలదు. దాదాపు అదే కాలమున, అట్టి కూలివలసలలోనే, తమ నృత్యమును సముద్రము దాటించి నిలుపుకొన్న జాతి మఱియొకటి కలదు. వారు జపానీయులు. వారి బోన్ ఒదోరిని ముందుగ పరిశీలించి, ఆ వెలుగులో ఉత్తరాంధ్రతీరపు నృత్యములను చూడదలచితిమి.

మా ప్రతిపాదనము సంగ్రహముగ నిది. వలసపోయిన జాతి తన భాషను పోగొట్టుకొన్నను నృత్యమును నిలుపుకొనగలదు. కాని అందుకు మూడు నియమములు కలవు. ఎక్కడనైనను నెలకొల్పదగిన కేంద్రము, క్రమము తప్పక వచ్చు తిథి, ఆట రానివానికి సైతము వలయమున చోటు. ఈ మూడింటిలో ఏదేని లోపించినచో ఆట ఓడ యెక్కదు. ఎక్కినను ఆవలి యొడ్డున నిలువదు.

2. బోన్ ఒదోరి: పుట్టుక, స్వరూపము

జపానులో బోన్ అనునది పితృదేవతల పండుగ. ఆ పేరునకు మూలము ఉల్లంబనమను బౌద్ధపదము. మౌద్గల్యాయనుడను బుద్ధశిష్యుడు, మరణించిన తన తల్లి ప్రేతలోకమున ఆకలిచే అలమటించుట దివ్యదృష్టితో చూచి, బుద్ధుని యుపదేశానుసారము, వర్షావాసము ముగిసిన నాడు భిక్షుసంఘమునకు దానము లిచ్చి ఆమెను ఉద్ధరించెనని కథ. తల్లికి విముక్తి కలుగగనే అతడు ఆనందమున ఆడెననియు, ఆ యాటయే ఈ నృత్యమునకు మూల మనియు జపానీయులు చెప్పుకొందురు. కథ యెట్లున్నను, చరిత్రకారులు దీనికి వేఱొక మూలమును గూడ చూపుచున్నారు. 10వ శతాబ్దికి చెందిన కూయా, 13వ శతాబ్దికి చెందిన ఇప్పెన్ అను భిక్షువులు అమితాభుని నామమును కీర్తించుచు ఆడు పద్ధతిని జనసామాన్యమున వ్యాపింపజేసిరి. నామసంకీర్తనమే ఆటగా మాఱుట మన భజనసంప్రదాయము నెఱిగినవారికి ఆశ్చర్యము కలిగింపదు.

పూర్వము ఈ పండుగ చాంద్రమానమున ఏడవనెల పున్నమినాడు వచ్చెడిది. 1873లో జపాను సౌరపంచాంగమును స్వీకరించిన పిమ్మట కొన్ని ప్రాంతములవారు జులై నడుమను, పెక్కుప్రాంతములవారు ఆగస్టు నడుమను దీనిని జరుపుకొనుచున్నారు. ఆ దినములలో పితరులు ఇండ్లకు వత్తురని నమ్మి, దీపములు వెలిగించి వారిని ఆహ్వానింతురు. పండుగ ముగియునపుడు కొన్ని చోట్ల కాగితపు దీపములను నీటిపై విడిచి సాగనంపుదురు. మన మహాలయపక్షమునకును దీనికిని గల పోలిక స్పష్టము. భేద మొక్కటియే: మనము పితరులకు తిలోదకము లిచ్చి యూరకుందుము, వారు పితరులతో కూడ ఆడుదురు.

నృత్యము జరుగు విధము సరళము. గుడిముంగిట గాని, ఊరి బయలున గాని యగురా అను కొయ్యమంచెను కట్టుదురు. దానిపై పెద్దడోలును వాయించువారుందురు. జనులు యుకతా అను నూలువస్త్రములు ధరించి, మంచె చుట్టును వలయములుగా తిరుగుచు ఆడుదురు. ఆట తెలిసినవారు లోవలయమున నుందురు. తెలియనివారు వెలివలయమున చేరి, లోపలివారి చేతులను, అడుగులను చూచి అనుకరింతురు. ఒక పాట ముగియులోపల ఆ కదలికలు పలుమార్లు ఆవృత్త మగును గనుక, పాట మొదట రానివానికి చివరకు వచ్చును. గురువు లేడు, అభ్యాసశాల లేదు. నేర్చుకొనుటయు ఆడుటయు ఒకే క్రియ.

పాటలు, కదలికలు ప్రాంతమునుబట్టి మాఱును. గిఫు మండలమునందలి గుజో పట్టణమున వేసవి యంతయు ఈ యాట సాగును. ఆగస్టు 13 మొదలు 16 వఱకు తెల్లవాఱుదాక ఆడుదురు. అకితా మండలపు నిషిమొనాయిలో నర్తకులు ముఖములు కానరాకుండ ముసుగులు ధరింతురు. ఆ ముసుగులలో నున్నవారు పితరులే యను భావము అచట కలదు. క్యూషూద్వీపపు బొగ్గుగనులలో పుట్టిన తాంకో బుషి అను పాటకు ఆడునపుడు బొగ్గు త్రవ్వుట, భుజముపైనుండి వెనుకకు విసరుట, బండిని త్రోయుట అభినయింతురు. కూలివాని పనియే నృత్తమైనది. నేడు దేశ మంతట ఆడబడు ఈ యాటలో గని చూడనివారును బొగ్గు త్రవ్వుచున్నారు.

ఈ సంప్రదాయమునకు గడ్డుదినములు రాకపోలేదు. మైజీయుగమున ప్రభుత్వాధికారులు దీనిని అనాగరికమనియు, నీతిబాహ్యమనియు తలచి పలుమండలములలో నిషేధించిరి. 20వ శతాబ్దిలో అదియే జాతీయకళగా మన్నన కెక్కినది. 2022లో యునెస్కో ఫూర్యూ ఒదోరి అను పేర, గుజో, నిషిమొనాయి నృత్యములతో సహా పలుప్రాంతముల సంప్రదాయనృత్యములను మానవజాతి అమూర్తవారసత్వమున చేర్చినది. ఒకనాడు పాలకులచే నిందింపబడిన జానపదకళ మఱునాడు పాలకులచేతనే పూజింపబడుట మన దేశమునను కన్నదియే.

3. సముద్రము దాటిన వలయము

1885లో జపాను ప్రభుత్వపు ఒడంబడికపై హవాయి ద్వీపముల చెఱకుతోటలకు కూలివలస ఆరంభమైనది. 1908లో కసాతో మారు అను ఓడ బ్రెజిలుకు తొలి వలసకూటమిని చేర్చినది. తోటలలో కష్టించు ఈ జనులు గుడులు కట్టుకొనిరి. గుడి ముంగిట మంచె లేచినది. హవాయిలో నేటికిని జూను మొదలు ఆగస్టు వఱకు వారమునకొక గుడివంతున ఈ యాట సాగుచున్నది. హిరోషిమా దిక్కునుండి వచ్చినవారి ఇవాకుని ఒందో, ఈశాన్యజపానునుండి వచ్చినవారి ఫుకుషిమా ఒందో, ఒకినావావారి ఎయిసా అచట ప్రక్కప్రక్కనే బ్రదికియున్నవి. స్వదేశమున దూరదూరముగ నున్న ఊళ్ళ యాటలు పరదేశమున ఒకే మంచె చుట్టును చేరినవి.

వీని బలమునకు తార్కాణముగ 1942వ సంవత్సరమును చెప్పవలసియున్నది. అమెరికా ప్రభుత్వము పశ్చిమతీరమునందలి జపానీయసంతతివారిని, లక్షకు పైబడిన జనమును, ఇండ్లు విడిపించి ఎడారులలోని నిర్బంధశిబిరములకు తరలించినది. ఆస్తులు పోయినవి, గుడులు మూతపడినవి. అయినను ఆ శిబిరములలో ముండ్లతీగెల నడుమ వేసవి వచ్చినపుడు బోన్ ఒదోరి జరిగినది. గుడి లేకున్నను మంచె కట్టుటకు కొయ్య దొరకినది. తిథిని ఎవరును హరింపజాలరు. కావలసిన జనము అచటనే యున్నది. మేము పేర్కొన్న మూడు నియమములును ఆ శిబిరమున నెఱవేఱినవి. హవాయిలో యుద్ధకాలమున ఆగిన ఆట యుద్ధానంతరము మరల సాగినది; యుద్ధమున మరణించిన తమ యువకులను వారు ఆ వలయమున స్మరించుకొనిరి.

నేడు ఆ వలసజనుల మనుమలలో, మునిమనుమలలో జపానుభాష రానివారే యెక్కువ. పాట అర్థము తెలియదు. కాని ఏ పదమునకు చేయి యెత్తవలయునో తెలియును. భాష పోయినచోట దేహము జ్ఞాపకము నుంచుకొన్నది. ఈ విషయము భాషాశాఖలలో పనిచేయువారు జాగ్రత్తగ ఆలోచింపదగినది.

4. యారాడ పరిసరములు

ఇక మన తీరమునకు వత్తము. విశాఖపట్టణపు రేవు ముఖద్వారమునకు దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొండను డాల్ఫిన్ నోస్ అందురు. ఆ కొండ కావల, మూడు ప్రక్కల కొండలును నాలుగవ ప్రక్క సముద్రమును గల పల్లపుచోట యారాడ గ్రామ మున్నది. దానికి ఉత్తరమున 1933లో తెఱువబడిన రేవు; దక్షిణమున 21వ శతాబ్దిలో వెలసిన గంగవరపు రేవు; ఆ దాపుననే 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కుకర్మాగారము. రెండు రేవులకును ఒక కర్మాగారమునకును నడుమ మిగిలిన పల్లె యిది.

ఈ తీరమునకు జపానుతో గల సంబంధము రెండు విధములైనది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖరేవుపై బాంబులు వేసినవి. ఆ మాసములలోనే జపాను సేనలు బర్మాను ఆక్రమించుటచే, అచటి తెలుగు కూలీలు అడవులబడి, ఓడలబడి ఈ తీరమునకు మరలిరి. రెండు దశాబ్దుల పిమ్మట సంబంధము వేఱొక రూపమున వచ్చినది. బైలడిల్లా ఇనుపరాతిని జపానునకు ఎగుమతి చేయుటకై 1960లో ఒడంబడిక కుదిరినది. ఆ రాతిని రేవునకు చేర్చుటకు కొత్తవలస నుండి కిరండూలు వఱకు రైలుమార్గము ఆ దశకమున నిర్మింపబడినది. ఆ మార్గము అరకులోయ గుండ పోవుచున్నది. ధింసా ఆడబడునది ఆ లోయలోనే.

అందుచే యారాడ కొండను కేంద్రముగ గొని చూచినచో, సమీపముననే మూడు జాతుల వలయనృత్యములు కనబడును.

మొదటిది ధింసా. అరకు, పాడేరు కొండలలో పోర్జా, కోటియా, కొండదొర, వాల్మీకి మొదలగు గిరిజనులు పెండ్లిండ్లలోను, చైత్రమాసపు ఇటుకల పండుగలోను దీనిని ఆడుదురు. స్త్రీలు వెనుకనుండి ఒకరి నడుము నొకరు చుట్టి గొలుసువలె నిలిచి, తుడుము, డప్పు, కిరిడి, మోరి వాద్యములకు అడుగులు వేయుచు వలయముగ చుట్టుకొందురు. ఇందు భేదములు పెక్కులు. బోడ ధింసా గ్రామదేవత నర్చించునది. పొతార్ తోల ధింసా ఆకులు కోయుటను అనుకరించునది. బాగ్ ధింసా పులి వచ్చినపుడు జనులు తప్పించుకొను విధమును చూపునది. కుండ ధింసాలో భుజములతో ఒకరినొకరు త్రోసికొందురు. ఆకుకోత ఆటయగుట తాంకో బుషిలో బొగ్గుత్రవ్వకము ఆటయగుట వంటిదే. పని యెచట సామూహికమో అచట ఆటయు సామూహికమే యగును.

రెండవది తప్పెటగుళ్ళు. శ్రీకాకుళ, విజయనగర, విశాఖ మండలములలోని గొల్లలు దీనికి కాణాచులు. గుండ్రని రేకుతప్పెటను ఱొమ్మున కట్టుకొని, రెండు చేతులతో వాయించుచు, గజ్జెలు ధరించి, పదిహేను ఇరువదిమంది మగవారు వలయముగ చిందులు వేయుదురు. సింహాద్రి అప్పన్న మహిమలు, భాగవతరామాయణకథలు పాడుదురు. వానలకై ఈ యాట నాడించు ఆచారమును కలదు. తలపై కుండ నుంచుకొని ఆడుట, ఒకరిపై నొకరు నిలుచుట మొదలగు విన్యాసములు ఇందు కలవు గనుక, చిరకాలపు సాధన లేక ఇది రాదు.

మూడవది భజన, కోలాటము. ఊరి రామకోవెలలో దీపము నడుమ నుంచి ఏకాహముగను, సప్తాహముగను, నామము తెగకుండ దీపము చుట్టును తిరుగుచు పాడుట తెలుగుపల్లెలలో సామాన్యము. దీనికి తాళపుచిప్పలు చాలును. పల్లవి నందుకొనగల వాడెవడైనను చేరవచ్చును.

ఈ మూడింటికిని వెనుక మహావలయ మొకటి కలదు. ఆషాఢపూర్ణిమకు ముందునాడు సింహాచలము కొండచుట్టును భక్తులు చేయు గిరిప్రదక్షిణము దాదాపు 32 కిలోమీటర్లు. విశాఖ సముద్రతీరమును తాకుచు సాగి, మరల కొండ పాదమును చేరును. 1098-99 నాటికే శాసనమున కెక్కిన ఈ దేవుడే ఉత్తరాంధ్రజనులకు సింహాద్రి అప్పన్న. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ఇది మరల సముద్రము కావల వినబడనున్నది.

5. ఓడ యెక్కినవి, ఎక్కనివి

ఆంధ్రతీరపు సముద్రాంతరవలసలో మొదట చెప్పదగిన రేవు గోదావరి ముఖమునందలి కోరంగి. 1834లో మారిషస్ చెఱకుతోటలకు భారతీయ కూలివలస క్రమబద్ధముగ ఆరంభమైన పిమ్మట, ఆ దశకముననే కోరంగినుండి తెలుగువారు పోసాగిరి. 1839 నాటి తుపాను ఆ రేవును ధ్వంస మొనర్చినను, వలస ఆగలేదు. ఆ రేవు పేరు మాత్రము ఓడలతో పోయి మనుష్యులకు అంటుకొన్నది. మారిషస్‌లోను బర్మాలోను తెలుగువారిని కొరంగీలనిరి. 1860 మొదలు 1911 వఱకు నేటాలునకు పోయిన 1,52,000 మంది భారతీయులలో విశాఖ, గంజాం, గోదావరి మండలములవారు పెక్కురు. 1903 తరువాత మద్రాసు రేవునుండి ఫిజీకి పోయినవారిలోను మనవారున్నారు.

బర్మావలస వేఱు విధమైనది. రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేసిన తెలుగువారిలో మగవారే అత్యధికులు. కొన్నియేండ్లు సంపాదించి మరలివచ్చువారే యెక్కువ. 1930లో రంగూను రేవుకూలీలపై జరిగిన దౌర్జన్యములు, 1942 నాటి పలాయనము, 1962 తరువాతి జాతీయకరణము వారిలో పెక్కుమందిని తిరిగి ఈ తీరమునకు త్రోసినవి. విశాఖ కంచరపాలెము దాపున బర్మా క్యాంపు అను పేట పేరు ఆ చరిత్రకు గుఱుతు. ఊరికి మరలనున్నవానికి ఆటయొక్క కేంద్రము ఊరిలోనే యుండును. పరదేశమున క్రొత్తకేంద్రము నెలకొల్పవలసిన యక్కఱ అతనికి తక్కువ. మరలి రానివాడే దీపమును కొనిపోయి పాతుకొనును. మారిషస్‌లో జరిగినది అదియే.

కూలివలసలో ఓడ యెక్కినవారు ఒక్కొక్కరుగనో, చిన్నకుటుంబములుగనో ఎక్కిరి. ఊరు ఊరుగా కదలి పోలేదు. దళారి చేతికి చిక్కిన పదిమంది పది యూళ్ళవారు, పది కులములవారు. తప్పెటగుళ్ళకు ఇరువదిమంది సాధకులును, వారి వెనుక ఒక కులపు సంప్రదాయమును కావలయును. ధింసాకు కొండయు, ఆ కొండపై ఒకరినొకరు చిన్ననాటినుండి ఎఱిగిన జనమును కావలయును. ఇట్టి నృత్యములు చెదరిన జనముతో పోజాలవు. భజనకు కావలసినవి దీపము, నామము, తాళము. తోటలోని కూలిలైనునందు ఈ మూడును దొరకును. అనగా ఓడ యెక్కుటకు తగిన రూపము వానిలో మిక్కిలి సామాన్యమైనది. పండితులు చిన్నచూపు చూచిన భజనయే పరదేశమున జాతిని నిలిపినది.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. హవాయిలో నిలిచిన ఇవాకుని ఒందో వంటివానికి నేర్పుగల గాయకుడును డోలువాడును కావలయును గదా, సాధనసాధ్యమైనది ఓడ యెక్కదనుట యెట్లు? ఆక్షేపము యుక్తమే. సమాధాన మిది: అందు నేర్పు మంచెపై నున్న కొలదిమందికే అవసరము, క్రింద తిరుగు వందలమందికి అవసరము లేదు. తప్పెటగుళ్ళలో వలయమున నున్న ప్రతివానికిని నేర్పు కావలయును. కావున విచారింపవలసినది నేర్పు కలదా లేదా యని కాదు; నేర్పులేనివానికి చోటు కలదా లేదా యని.

6. మారిషస్ రామభజనము

మారిషస్ తెలుగువారి యాచారములలో ప్రధానమైనది రామభజనము. నడుమ ఎత్తయిన దీపస్తంభమును నిలిపి, వత్తులు వెలిగించి, భజనబృందము దాని చుట్టును తిరుగుచు పాడును. మృదంగమును తాళములును తోడగును. సాయంకాలము మొదలుపెట్టి తెల్లవాఱువఱకు సాగించుట సంప్రదాయము. మన యేకాహమే ఇది. కాని మన యూళ్ళలో అది పలువిధములగు భక్తిక్రియలలో నొకటి. అచట అది తెలుగుతనమునకే చిహ్నమైనది. దానితోపాటు అమ్మోరు పండుగయు, సింహాద్రి అప్పన్న పూజయు అచటి తెలుగువారు జరుపుదురు. సింహాచలము కొండను కన్నులార చూడనివారు, తరతరములుగ ఆ యప్పన్నను కొలుచుచున్నారు. అమ్మోరు, అప్పన్న యను పలుకుబడులలోనే ఈ తీరపు జనులవాసన కలదు; ఇవి గ్రంథములనుండి పోయిన పేర్లు కావు, నోటినుండి పోయినవి.

ఈ ద్వీపమున అత్యధికసంఖ్యాకుల యింటిభాష క్రియోలు. తెలుగువారును అందుకు వేఱు కారు. పాఠశాలలలో తెలుగు బోధింపబడుచున్నది, ఉగాది ప్రభుత్వసెలవుదినము, 1990లో మూడవ ప్రపంచ తెలుగుమహాసభలు అచటనే జరిగినవి. అయినను ఇంట మాటలాడు భాషగా తెలుగు క్షీణించినది. ఈ స్థితిలో దీపము చుట్టును తిరుగువాడు తాను పాడు కీర్తనలోని ప్రతిపదమునకు అర్థ మెఱుగకపోవచ్చును. హవాయిలో జపానీయుని మనుమని స్థితియే మారిషస్‌లో తెలుగువాని మునిమనుమనిది. ఇరువురి పూర్వులును చెఱకుతోటకే పోయిరి. ఇరువురును వలయముననే నిలిచిరి.

దీనిని చూచి భాషాభిమానులు చింతించుట సహజము. భాష లేని భజన గుల్ల యని కొందఱనవచ్చును. మే మట్లు తలపము. పాటను నోటితో పట్టుకొన్నవానికి దాని యర్థమును నేర్చుకొనుటకు ఒక కారణ మున్నది. పాటయే పోయినవానికి ఆ కారణము లేదు. అచట తెలుగుబోధనము సాగుటకు దీపము చుట్టును తిరుగు రాత్రులు కొంతవఱకైన హేతువులని మా విశ్వాసము. వలయము భాషకు బదులు కాదు. అది భాష మరలివచ్చుటకు తెఱచియుంచిన తలుపు.

7. బతుకమ్మ: నీటిపై విడిచిన కేంద్రము

తెలుగుదేశపు వలయనృత్యములలో బోన్ ఒదోరికి మిక్కిలి చేరువయైనది తెలంగాణమునందలి బతుకమ్మ. ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలగునది భాద్రపద అమావాస్యనాడు. ఆ దినమునే పెతర అమావాస్య, పితృ అమావాస్య యందురు. పితరులకు స్వయంపాకము లిచ్చిన సాయంకాలముననే ఆడువారు తంగేడు, గునుగు పూలను పేర్చి, నడుమ నుంచి, చప్పట్లతో చుట్టును తిరుగుచు పాడుదురు. తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మను చెఱువున విడుతురు. పితృతిథి, వానకాలపు ముగింపు, వలయము, నీటిపై విడుపు: ఈ నాలుగును బోన్ పండుగలోను కలవు. ఒకటి మఱియొకదానినుండి పుట్టినదని చెప్పుట మా యుద్దేశము కాదు. వ్యవసాయజీవులగు రెండు జాతులు, వానలు వెనుకబట్టి పంట కంటికి కనబడు వేళ, పోయినవారిని తలచుకొని బ్రదికినవారు చేయి చేయి కలుపుట యను ఒకే యవసరమునుండి ఈ రూపములను నిర్మించుకొన్నవని మాత్రము చెప్పగలము.

2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్రపండుగ యైనది. ఆ కాలముననే అమెరికా, బ్రిటను, గల్ఫుదేశములందలి తెలంగాణవాసులు దీనిని పెద్దయెత్తున జరుపసాగిరి. తంగేడు దొరకనిచోట దొరకిన పూలతో పేర్చుచున్నారు. చెఱువు లేనిచోట కొలను, తొట్టి చాలుచున్నవి. కేంద్రము ఎక్కడనైనను నెలకొల్పదగినదై యుండవలెనన్న మా నియమమునకు ఇది ప్రత్యక్షనిదర్శనము. పువ్వు మాఱినది, పేర్చుట మాఱలేదు.

8. వేదికపై వలయము

ఈ నృత్యములకు నేడు వచ్చిన యాపద నిషేధము కాదు, ఆదరణమే. ధింసా, తప్పెటగుళ్ళు ప్రభుత్వోత్సవములలోను, పర్యాటకుల విడిదులలోను, కళాశాల వార్షికోత్సవములలోను ప్రదర్శింపబడుచున్నవి. ఇందు మేలు లేకపోలేదు. కళాకారునికి కూలి దొరకుచున్నది, పేరు నిలుచుచున్నది. కాని వేదిక యెక్కిన వలయము విచ్చుకొని ప్రేక్షకులవైపు తిరుగును. వలయమున ఎవడును ఎవనికిని వీపు చూపడు, కేంద్రమునకే ముఖము చూపును. వేదికపై అందఱును మనవైపు చూతురు. నడుమ నుండవలసిన దేవత గాని, దీపము గాని, పువ్వు గాని అచట నుండదు. దాని స్థానమున ప్రేక్షకుడు కూర్చున్నాడు. అన్నిటికంటె ముఖ్యముగ, వెలివలయము పోయినది. ఆట రానివాడు ఇప్పుడు కుర్చీలో నున్నాడు; ఎన్నిమార్లు చూచినను అతనికి ఆట రాదు.

ఉక్కుకర్మాగారమునకును, రేవులకును భూములిచ్చి లేచిపోయిన పల్లెల విషయము ఇంకను గంభీరమైనది. వారు సముద్రము దాటలేదు. కొన్ని క్రోసుల దూరమున పునరావాసకాలనీలలో నున్నారు. అయినను ఒక యర్థమున వారును వలసజనులే. ఊరి నడిబొడ్డు, అమ్మవారి గద్దె, గుడిముంగిటి బయలు, వీనిలో ఏవి వారితో వచ్చినవి? ఏ పండుగనాడు ఏ చోట వలయము కట్టుచున్నారు? మారిషస్‌లోని భజనను గూర్చి అడిగిన ప్రశ్ననే గాజువాక పరిసరములలోని కాలనీని గూర్చియు అడుగవలసియున్నది. యారాడవంటి మిగిలిన పల్లెలను, లేచిపోయిన పల్లెలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించినచో, పరదేశవలసలలో వంద సంవత్సరములకు గాని తెలియని మార్పులు మన కన్నులయెదుటనే తెలియగలవు.

9. పరిశోధకులకు సూచన

తెలుగు జానపదవాఙ్మయపరిశోధనమునకు బిరుదురాజు రామరాజు 1950వ దశకమున వేసిన బాట గేయమునకు సంబంధించినది. నేదునూరి గంగాధరము మొదలగువారి సంకలనములును గేయములవే. అటుపిమ్మట మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి కళారూపములను సమగ్రముగ పరిచయ మొనర్చినాడు. ఈ మహనీయుల కృషి లేకున్నచో నేడు మనకు ఆధారములే యుండెడివి కావు. వారి బాటను ముందునకు సాగింప గోరు విద్యార్థులు పాటతోపాటు మఱి మూడు విషయములను వ్రాసికొందురు గాక. నడుమ నేమున్నది? ఏ తిథిని, ఎంతసేపు ఆడిరి? ఆట రానివాడు వచ్చినచో అతనిని ఎచట నిలిపిరి? ఈ మూడవప్రశ్నకు వచ్చు సమాధానమునుబట్టియే ఆ నృత్యము మఱియొక తరము బ్రదుకునో లేదో చెప్పవచ్చును.

సంగ్రహముగ చెప్పవలెనన్న, జపానీయుల మంచెయు, మారిషస్ తెలుగువాని దీపమును, తెలంగాణపు పూలప్రోవును ఒకే సత్యమును చెప్పుచున్నవి. జాతి తనవానిని గుర్తించుట భాషాజ్ఞానపరీక్షచే కాదు. వలయమున చోటు చూపుటచే. భాషాశాఖలలో నున్న మన కిది కొంత కష్టము కలిగించు మాట. అయినను క్రియోలు మాటలాడుచు అప్పన్నను పిలుచువాని ముందు మనము వ్యాకరణమును పట్టుకొని నిలిచిన ప్రయోజన మేమి? అతడు దీపము చుట్టును తిరుగుచున్నంతకాలము, ఆ పాటకు అర్థము చెప్పగలవా రెవరని ఈ తీరమువైపు చూచుచునే యుండును. ఆ చూపునకు బదులు పలుకుటకు సిద్ధముగ నుండుట మన పని.